సుమిత్ర మేడం మార్చిన టైంటేబుల్

జహీరాబాద్‌లో హైవే పక్కనున్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సుమిత్ర ఇరవై రెండేళ్లుగా ఫిజిక్స్ చెబుతోంది. ఆమె బజారుకు వెళ్తే కూరగాయల బండి మనిషి మొదలు బ్యాంకు క్యాషియర్ దాకా ఎవరో ఒకరు "నమస్తే మేడం, మీ స్టూడెంట్‌ను" అని చేతులు జోడిస్తారు. ఆ మాట ఆమెకు ఎంత అలవాటైందంటే, ఏ రోజైనా ఎవరూ అనకపోతే ఇంటికొచ్చాక ఏదో వస్తువు మరిచిపోయి వచ్చినట్టుండేది.

ఆమెది కోహీర్. నాన్నకు జామతోట ఉండేది. ఆడపిల్లను హైదరాబాదు పంపి ఎమ్మెస్సీ చదివించినందుకు ఊళ్లో ఆయనను వింతగా చూశారు. ఆ వింతచూపులకు జవాబు చెప్పాలన్న పట్టుదలతోనే ఆమె చదివింది, అదే పట్టుదలతో పాఠం చెప్పింది. గంట కొట్టకముందే క్లాసులో ఉండేది. బోర్డు ఎడమ మూల నుంచి మొదలుపెట్టి కుడి మూలకు చేరేసరికి పాఠం పూర్తయ్యేది. సిలబస్ ఏనాడూ మిగలలేదు.

ఆమె చేరిన రోజే కాలేజీలో చేరిన మరో మనిషి గ్లోరీ. మ్యాథ్స్. న్యాల్‌కల్ అవతలి ఊరు. నాన్న నర్సప్ప, అమ్మ బస్వమ్మ కూలికి పోయి బతికినవాళ్లు. గ్లోరీ మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుంది. చేరిన కొత్తలో ఆమె గొంతు మూడో బెంచీ దాటేది కాదు. ప్రిన్సిపాల్ పిలిస్తే చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడేది. మొదటిసారి తనిఖీకి యూనివర్సిటీ వాళ్లు వచ్చినప్పుడు సుమిత్ర తన పట్టుచీర ఇచ్చి కట్టించింది, ఏం అడుగుతారో, ఏం చెప్పాలో ముందురోజే నేర్పింది. అప్పటి నుంచి ఇద్దరూ ఒక్కచోట తిన్నారు. గ్లోరీ డబ్బాలో జొన్నరొట్టె, పుంటికూర. సుమిత్ర డబ్బాలో అన్నం, పప్పు. సగం సగం మార్చుకునేవాళ్లు. సుమిత్ర రెండేళ్లు పెద్ద కాబట్టి గ్లోరీ "అక్కా" అనేది. ఎవరైనా గ్లోరీ మాటెత్తితే సుమిత్ర "మన గ్లోరీ పాపం మంచిది" అనేది. అందులోని "పాపం"ను ఇరవై రెండేళ్లలో ఎవరూ పట్టించుకోలేదు, సుమిత్రతో సహా.

రెండేళ్ల కింద సుమిత్ర ఐదు రోజుల శిక్షణకు హైదరాబాదు వెళ్లింది. నాలుగు రోజులు ఉపన్యాసాలు, ఫోటోలు, సర్టిఫికెట్ల గోల. ఐదో రోజు మాత్రం ఒక ముసలి ప్రొఫెసర్ వచ్చి, లెక్చరర్లకు బయటివాళ్లు వచ్చి నేర్పేది తక్కువేనని, ఒకరి క్లాసులో ఒకరు కూర్చుని చూసుకుంటే ఏళ్ల తరబడి నేర్చుకోవచ్చని చెప్పాడు. ఆ మాట సుమిత్రకు నచ్చింది. తిరిగొచ్చాక ప్రిన్సిపాల్ మదన్‌మోహన్‌తో మాట్లాడి, ఐదుగురిని పోగుచేసింది: తనూ, గ్లోరీ, కెమిస్ట్రీ మాణిక్, తెలుగు సార్, కామర్స్ మేడం. పదిహేను రోజులకోసారి ఒకరి క్లాసులో మరొకరు ఆఖరి బెంచీలో కూర్చోవాలి. చూసింది, విన్నది మాత్రమే రాయాలి; బాగుంది, బాగాలేదు అని రాయకూడదు. శనివారం మధ్యాహ్నం ఫిజిక్స్ ల్యాబులో కూర్చుని, ఆ వారం తమకు తప్పిపోయిన, అంటే అనుకున్నట్టు సాగని, ఒక క్లాసు గురించి మిగతావాళ్ల ముందు చెప్పుకోవాలి. ఈ నియమాలన్నీ సుమిత్రే చార్టు మీద రాసి ల్యాబు గోడకు అంటించింది.

నియమాలు రాసినప్పుడు ఆమె మనసులో ఒక బొమ్మ ఉంది. నలుగురూ తమ తిప్పలు చెప్పుకుంటారు, తను దారి చూపిస్తుంది. మొదటి రెండు నెలలూ అలాగే జరిగింది కూడా.

తర్వాత గ్లోరీ ఫిజిక్స్ క్లాసులో కూర్చునే వంతు వచ్చింది.

గ్లోరీ రాసిచ్చిన కాగితం ఒక పేజీ కూడా లేదు. సుమిత్ర స్టాఫ్‌రూమ్‌లో నిలబడే చదివింది. "మేడం ముప్పై ఒక్క ప్రశ్నలు అడిగారు. ఇరవై తొమ్మిదింటికి మేడమే జవాబు చెప్పారు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య రెండు సెకన్ల కంటే ఎక్కువ లేదు. మిగతా రెండింటికి ముందు బెంచీ అబ్బాయి చెప్పాడు. కిటికీ వైపు మూడో బెంచీలో వర్షిత రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది."

కాగితంలో ఒక్క విమర్శ లేదు. నియమం ప్రకారమే ఉంది. సుమిత్ర చెవులు మాత్రం వేడెక్కాయి.

"లెక్క గూడ పెట్టినవా?" అంది నవ్వబోతూ.

"నాకు అదొక్కటే వస్తది గద అక్కా, లెక్కవెట్టుడు," అంది గ్లోరీ మామూలుగా. "తప్పు రాసిన్నా?"

"లేదు లేదు. మంచిగనే రాసినవ్."

ఆ శనివారం సుమిత్ర ఆ కాగితాన్ని బయటికి తీయలేదు. దాని బదులు ల్యాబులో పరికరాలు చాలవన్న సంగతి చెప్పింది. అది తప్పిపోయిన క్లాసు కాదని అందరికీ తెలుసు.

ఆ మరుసటి వారం సుమిత్ర గ్లోరీ క్లాసులో కూర్చుంది. అవే పిల్లలు. పొద్దున తన క్లాసులో మైనపు బొమ్మల్లా ఉన్న ఫస్టియర్ పిల్లలే. గ్లోరీ లోపలికి వచ్చి ఒక లెక్కను బోర్డు మీద ఐదు లైన్లలో చేసింది. చేసి, చాక్‌పీసు కింద పెట్టి, "ఇందుల ఒక తప్పు చేసిన. ఎక్కడ?" అంది. ఆ పైన ఏమీ మాట్లాడకుండా కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

సుమిత్ర గడియారం చూసింది. పది సెకన్లు. ఇరవై. గ్లోరీ మరిచిపోయిందా, మాట రావడం లేదా అనిపించింది. తనైతే ఈపాటికి చెప్పేసేది. ఆ నిశ్శబ్దం ఒంటి మీద చీమ పాకినట్టుంది. నలభై సెకన్లయ్యేసరికి బెంచీల మధ్య గుసగుస మొదలైంది. ఇద్దరు పిల్లలు పుస్తకం మీద కొట్లాడుకుంటున్నారు. ఒకమ్మాయి ఉర్దూలో పక్కమ్మాయికి ఏదో వివరిస్తోంది. అప్పుడు మూడో బెంచీలోంచి వర్షిత లేచింది.

"మేడం, మూడో లైన్ల మైనస్ పోయింది."

"ఎట్ల పోయింది? వచ్చి చూపియ్యి."

వర్షిత బోర్డు దగ్గరికి నడిచింది. నాలుగు నెలల్లో ఫిజిక్స్ క్లాసులో నోరు విప్పని పిల్ల, చాక్‌పీసు పట్టుకుని క్లాసంతటికీ మైనస్ సంగతి చెప్పింది. సుమిత్ర చేతిలోని పెన్ను కాగితం మీద ఆగిపోయింది. చూసింది రాయాలి. ఆమె చూసింది ఒక్కటే: తను ఇరవై రెండేళ్లు పరుగెత్తి పరుగెత్తి చేరని చోటికి, తన పట్టుచీర కట్టుకుని వణికిన మనిషి, కిటికీ పక్కన ఊరికే నిలబడి చేరిపోయింది.

కాగితం మీద మాత్రం "పిల్లలు బోర్డు దగ్గరికి వచ్చారు" అని ఒక్క వాక్యం రాసి ఇచ్చింది.

కుళ్లు అంటే ఏమిటో సుమిత్రకు ఆ తర్వాతి రోజుల్లో తెలిసింది. అది ఒక్కసారిగా మంటలా లేవలేదు. పంటిలో ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది. ఎటు తిరిగినా నాలుక అక్కడికే పోతుంది. స్టాఫ్‌రూమ్‌లో గ్లోరీ చుట్టూ పిల్లలు మూగితే సుమిత్ర చేతిలోని జవాబుపత్రం మీద మార్కులు తప్పేవి. గ్లోరీ నవ్వితే అంత గట్టిగా నవ్వాలా అనిపించేది. మాణిక్ ఒకనాడు "గ్లోరీ మేడం చెప్పినట్టు జర సేపు ఆగి చూసిన మేడం, నా క్లాసుల గూడ పిల్లలు మాట్లాడుతున్నరు" అన్నప్పుడు, "ఈ బృందం ఎవరు పెట్టిన్రు మాణిక్?" అని అడగాలనిపించి, మంచినీళ్లు తాగి మింగేసింది. మధ్యాహ్నం డబ్బాలు మార్చుకునేటప్పుడు మాత్రం ఎప్పటిలాగే మార్చుకుంది. రొట్టె రుచిగా ఉండేది. అదీ ఆమెకు కష్టంగానే ఉండేది.

ఇంట్లో భర్త మహిధర్ ఒక రాత్రి భోజనం దగ్గర అన్నాడు, "పొద్దటి నుంచి మూడోసారి గ్లోరీ మేడం ముచ్చటే. ఏమైంది, కొట్లాడిన్రా?"

"కొట్లాటేంది? ఊకనే చెప్తున్న."

"మంచిదే చెప్తున్నవో, చెడే చెప్తున్నవో నాకు సమజైతలేదు."

సుమిత్రకూ సమజు కాలేదు. కంచం తీసుకుని లేచిపోయింది.

నవంబరులో ప్రిన్సిపాల్ మదన్‌మోహన్ ఆమెను గదికి పిలిచాడు. కాలేజీల్లో లెక్చరర్లు ఒకరికొకరు ఎలా తోడ్పడుతున్నారో చూడటానికి యూనివర్సిటీ నుంచి ముగ్గురు వస్తున్నారట. మాదిరి పాఠం ఒకటి చూస్తారు. నచ్చితే ఆ పాఠం చెప్పినవాళ్లను వచ్చే ఏడు జిల్లాలోని కాలేజీలకు పంపి, ఇలాంటి బృందాలే పెట్టిస్తారు. వారానికి ఒక రోజు ఆ పని మీదే. మొదటి వాక్యం సగంలోనే సుమిత్ర ఏ పాఠం చెప్పాలో, ఏ చీర కట్టాలో కూడా ఆలోచించేసింది.

"మాదిరి పాఠం గ్లోరీ మేడంతోని చెప్పిద్దామని," అన్నాడు మదన్‌మోహన్. "పిల్లల అభిప్రాయం కాగితాలు చూసిన. అందరూ ఆమె పేరే రాసిన్రు. మీరేమంటరు మేడం?"

"మంచిగుంటది సార్."

"మీరు ఆ రోజు టైంటేబుల్ చూడుండ్రి. వాళ్లు పది నుంచి నాలుగు దాకా ఉంటరు, ఎప్పుడు పెట్టినా సరే."

కాలేజీ టైంటేబుల్ వేసేది పదేళ్లుగా సుమిత్రే. ఆ పొద్దున ఆమె నిజాయితీగానే వేసింది. గ్లోరీ క్లాసు రెండో గంటలో, పదకొండుకు. పిల్లలందరూ ఉండే వేళ, కళ్లు తెరుచుకుని ఉండే వేళ. కాగితం అటెండర్ రామ్‌కిషన్‌కు ఇచ్చి నోటీసు బోర్డుకు పెట్టమంది.

మధ్యాహ్నం డబ్బా విప్పుతూ గ్లోరీ, "అక్కా, నాకు భయమైతుంది. నీ లెక్క మాట్లాడుడు నాకు రాదు. పోయి సార్‌కు చెప్పనా, సుమిత్రక్కనే చెప్తదని?" అంది.

మనస్ఫూర్తిగానే అంది. సుమిత్రకు అది జాలిలా వినిపించింది. గ్లోరీ తనకు దానం చేస్తోంది! ఇన్నేళ్లూ తను చేసిన పనే ఇప్పుడు ఆమె తనకు చేస్తోంది! "ఏమొద్దు, నువ్వే చెప్పు" అని, సగం రొట్టె డబ్బాలోనే వదిలేసి లేచింది.

తిన్నగా రామ్‌కిషన్ దగ్గరికి వెళ్లింది. "ఆ కాగితం పెట్టినవా?"

"ఇప్పుడే పెట్టవోతున్న మేడం."

"ఇటియ్యి. జర మార్చేదుంది."

కొత్త కాగితంలో గ్లోరీ క్లాసు ఆఖరి గంటకు పోయింది. మూడూ పది నుంచి నాలుగు. న్యాల్‌కల్ వైపు పోయే బస్సు మూడుంబావుకు కాలేజీ ముందు ఆగుతుంది. అది దాటితే మళ్లీ ఐదున్నరకే. ఫస్టియర్‌లో యాభై రెండు మందిలో సగానికి పైగా ఆ ఊళ్ల పిల్లలు. అందుకే మామూలు రోజుల్లో ఆఖరి గంటకు ఆటలో, లైబ్రరీయో వేస్తారు. ఆ సంగతి కాలేజీలో సుమిత్ర కంటే బాగా తెలిసినవాళ్లు లేరు. మదన్‌మోహన్ చూడకుండానే సంతకం పెట్టాడు.

సాయంత్రం గ్లోరీ బోర్డు ముందు చాలాసేపు నిలబడి, స్టాఫ్‌రూమ్‌కు వచ్చింది.

"అక్కా, ఆఖరి గంటనా? పిల్లలుంటరంటవా?"

"వచ్చేటోళ్లే సాయంత్రం పెట్టమన్నరు," అంది సుమిత్ర బీరువా తాళం వేస్తూ. "ఒక్క రోజుకు ఉంటరు తీయ్. ఫికర్ చెయ్యకు."

గ్లోరీ తల ఊపి సంచి తీసుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. గ్లోరీ పొద్దున్నే పిల్లలను బతిమాలింది. ఉంటామన్నారు. తీరా బస్సు హారన్ వినిపించేసరికి ఒకరి వెంట ఒకరు సంచులు సర్దుకున్నారు. ఇళ్లల్లో చెప్పి రాలేదు, చీకటి పడితే అడుగుతారు. మిగిలింది పద్నాలుగు మంది. ముందు బెంచీల్లో అతిథులు ముగ్గురు, వెనక ఖాళీ బెంచీలు. సుమిత్ర తలుపు పక్కన నిలబడింది, అతిథులకు టీ సంగతి చూసే సాకుతో.

గ్లోరీ లెక్క వేసింది. తప్పెక్కడ అని అడిగింది. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. నిశ్శబ్దం వచ్చింది, కానీ ఇది వేరే నిశ్శబ్దం. కొట్లాడుకునే ఇద్దరూ లేరు. ఉర్దూలో వివరించే అమ్మాయి లేదు. ఒక అతిథి గొంతు సవరించుకున్నాడు. ఇంకొకాయన ఫోను చూసుకున్నాడు. ఊరి బస్సు వదులుకుని మేడం కోసం ఉండిపోయిన వర్షిత లేచి, అతిథులను చూసి తడబడి, "రెండో లైన్" అని తప్పు చెప్పి కూర్చుంది. నిమిషం దాటింది. చివరికి గ్లోరీయే బోర్డు దగ్గరికి వచ్చి జవాబు చెప్పేసింది. ఆ తర్వాత ఆమె గొంతు మూడో బెంచీ దాటలేదు.

సుమిత్రకు ఆ క్షణం తీయగా ఉంది. దాచడానికేం లేదు, తీయగానే ఉంది. వేసవిలో చల్లటి నీళ్లు గొంతు దిగినట్టు. ఆ తీపి కారిడార్ చివరిదాకా కూడా రాలేదు. నాలుగున్నరకు గేటు దగ్గర వర్షిత ఒక్కతే సంచి గుండెలకు ఆనించుకుని నిలబడి ఉంది. వాళ్ల నాన్నకు ఫోను చేసిందట, బండి మీద వస్తాడట. "నేను మంచిగ చెప్పకపోతి మేడం. గ్లోరీ మేడం పరేషాన్ అయింది," అంది. సుమిత్రకు ఆ పిల్ల కళ్లలోకి చూడటం చేతకాలేదు. వాళ్ల నాన్న వచ్చేదాకా పక్కన నిలబడింది.

పదిరోజులకు ఉత్తరం వచ్చింది. వేరే కాలేజీని ఎంచుకున్నారు. ఈ కాలేజీ గురించి రెండు ముక్కలు: హాజరు తక్కువ, పిల్లల భాగస్వామ్యం తక్కువ. మదన్‌మోహన్ గ్లోరీతో ఆ వారం ముభావంగా ఉన్నాడు.

శనివారం ఫిజిక్స్ ల్యాబులో ఐదుగురూ కూర్చున్నారు. గ్లోరీ తన తప్పిపోయిన క్లాసుగా దాన్నే తెచ్చింది. ఎన్ని సెకన్లు ఆగిందో, ఎవరు ఎటు చూశారో, ఎక్కడ తన నమ్మకం సడలిందో అన్నీ కాగితం మీద ఉన్నాయి. చదివి, "నేనింకేం జెయ్యొచ్చు? చెప్పుండ్రి," అంది.

"ఆఖరి గంట పెట్టుడే తప్పు," అన్నాడు మాణిక్. "పద్నాలుగు మందితోని ఏం జేస్తరు ఎవరైనా?"

"ఉన్నోళ్లతోనే చెప్పగలగాలె," అంది గ్లోరీ. ఆమె ఎవరి వైపూ చూడలేదు.

అందరూ తలా ఒక మాట చెప్పారు. సుమిత్ర వంతు వచ్చింది. "తక్కువ మంది ఉన్నప్పుడు ముందు ఇద్దరిద్దరిని కలిపి మాట్లాడుకోమంటే బాగుంటది," అంది. మంచి సలహాయే. గ్లోరీ దాన్ని రాసుకుంది. ఆమె రాసుకోవడం చూడలేక సుమిత్ర గోడ మీది చార్టు వైపు తిరిగింది. ఎదుటివాళ్ల ముందు తన తప్పు అంత విప్పి పెట్టే ధైర్యం కూడా గ్లోరీకే ఉంది. తను రాసిన నియమం తనకు తప్ప అందరికీ పట్టుబడింది. దాని మీద కూడా కుళ్లు పుట్టింది. ఇంత సిగ్గులోనూ అది చావలేదే అని ఆమె తనను చూసి తానే ఆశ్చర్యపోయింది.

తర్వాతి శనివారం మిగతా నలుగురూ చెప్పడం అయ్యాక సుమిత్ర తన కాగితం తీసింది. చేతిలో మడిచి, చదవకుండానే మాట్లాడింది.

"నాకు క్లాసు తప్పలేదు. ఇంకోటి తప్పింది. గ్లోరీ పాఠం మొదట రెండో గంటకే వేసిన. తర్వాత నేనే ఆఖరి గంటకు మార్చిన. వచ్చినోళ్లు అడగలేదు. బస్సు టైం నాకు తెలుసు. తెలిసే చేసిన."

తెలుగు సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఎందుకు మేడం?" అన్నాడు మాణిక్.

"చూడలేకపోయిన. ఇది నేను పెట్టిన పని. పేరు ఆమెకు వస్తుంటే చూడలేకపోయిన."

గ్లోరీ బల్ల మీద చేతులు పెట్టుకుని ఉంది. "నాకు ఎరుకనే," అంది. "మొదటి కాగితం రామ్‌కిషన్ చేతుల చూసిన ఆ మధ్యాహ్నం."

"మరి అడగకపోతివి?"

"అడిగిన. ఆఖరి గంటనా అక్కా అని అడిగిన. నువ్వు అబద్ధం చెప్పినవ్." ఆమె గొంతు పెరగలేదు. "సార్ దగ్గరికి పోదామనుకున్న. నీ పేరు చెప్పాల్సి వస్తదని పోలే. ఆ రోజు చీర ఇచ్చినవ్ గద, అది యాదికొచ్చి పోలే. తర్వాత అనిపించింది, ఆ చీర ఇయ్యకపోతేనే మంచిగుండు అని."

ఆమె లేచి పుస్తకాలు తీసుకుని వెళ్లింది. సుమిత్ర వెనక వెళ్లబోతే కామర్స్ మేడం చెయ్యి పట్టి ఆపింది, "ఇయ్యాల వద్దు."

సోమవారం పొద్దున్నే సుమిత్ర ప్రిన్సిపాల్ గదికి వెళ్లి జరిగినదంతా చెప్పింది. మదన్‌మోహన్ చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. "మీ నుంచి అనుకోలేదు మేడం," అన్నాడు. టైంటేబుల్ పని మాణిక్‌కు ఇచ్చాడు. అతిథులకు ఉత్తరం రాశాడు: ఆ రోజు ఏర్పాటులో లోపం కాలేజీదే, పాఠం చెప్పినవారిది కాదు, మరోసారి వచ్చి చూడండి అని. ఉత్తరం సుమిత్ర చేతనే రాయించాడు. ఆమె మూడుసార్లు రాసింది. మొదటి రెండింటిలో తన తప్పు కొంచెం పలచగా కనిపించింది, చించేసింది.

గ్లోరీ డబ్బా పట్టుకుని లైబ్రరీ వరండాకు మారింది. ఎదురైతే "నమస్తే మేడం" అనేది. అక్కా కాదు, మేడం. ఆ ఒక్క మాటకు సుమిత్ర రోజంతా దెబ్బ తిన్నట్టు తిరిగేది. ఒంటరిగా తినే అన్నం తొందరగా అయిపోయేది. మిగిలిన సమయం ఏం చేయాలో తోచేది కాదు.

బృందం మాత్రం ఆగలేదు. జనవరిలో ఫిజిక్స్ క్లాసులో కూర్చునే వంతు మళ్లీ గ్లోరీది వచ్చింది. వంతు మార్చమని అడుగుతుందేమో అని సుమిత్ర ఎదురుచూసింది. గ్లోరీ అడగలేదు. గంట కొట్టకముందే వచ్చి ఆఖరి బెంచీలో కూర్చుంది. ఆ రోజు సుమిత్ర ప్రశ్న అడిగి ఆగాలని ప్రయత్నించింది. ఆరు సెకన్లు ఆగగలిగింది. ఏడో సెకనులో నోరు దానంతటదే తెరుచుకుంది. గ్లోరీ ఇచ్చిన కాగితంలో అదే ఉంది: "ఇరవై రెండు ప్రశ్నలు. తొమ్మిదింటికి పిల్లలు జవాబు చెప్పారు. నాలుగోసారి మేడం ఆరు సెకన్లు ఆగారు, వెనక బెంచీలో ఇద్దరు చెయ్యి ఎత్తబోయారు, మేడం చూడలేదు." పలకరింపు లేదు, దెప్పు లేదు. అంత కోపంలోనూ ఇంత సరిగ్గా చూసి రాయగలిగిన మనిషిని చూస్తే సుమిత్రకు గౌరవం వచ్చింది. గౌరవం పక్కనే ఆ పాత పీచు కూడా కదిలింది.

జూన్‌లో అతిథులు మళ్లీ వచ్చారు. మాణిక్ గ్లోరీ క్లాసు రెండో గంటకు వేశాడు. క్లాసు నిండా పిల్లలు. పాఠం అయ్యాక ముగ్గురిలో ఒకామె గ్లోరీ చేతులు పట్టుకుని మాట్లాడటం స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి కనిపించింది. ఈసారి సుమిత్ర తలుపు దగ్గరికి వెళ్లలేదు. నెల తిరగకుండానే ఉత్తరం వచ్చింది. గ్లోరీ గురువారాలు సంగారెడ్డి వైపు కాలేజీలకు వెళ్లాలి. ఆ రోజు ఆమె క్లాసులు ఎవరు చూస్తారని మదన్‌మోహన్ మీటింగులో అడిగితే, సుమిత్ర చెయ్యి ఎత్తింది. గ్లోరీ తల తిప్పి ఆమెను చూసింది. "సరే అక్కా," అంది. ఏడు నెలల తర్వాత వినిపించిన ఆ పిలుపుకు సుమిత్ర కళ్లు కిందికి దించుకుని డైరీలో ఏదో గీసింది.

మొదటి గురువారం ఆమె గ్లోరీ క్లాసుకు వెళ్లి, గ్లోరీ రాసిచ్చిన లెక్కే బోర్డు మీద వేసింది. ఆగింది. పిల్లలు జవాబు చెప్పారు కూడా. గంట కొట్టే ముందు పుస్తకం మూస్తుండగా సెకండియర్‌కు వచ్చిన వర్షిత అడిగింది, "మేడం, గ్లోరీ మేడం మల్ల ఎప్పుడొస్తది?" క్లాసంతా ఆ జవాబు కోసం తలలెత్తింది. పాఠం మొత్తంలో అన్ని తలలు ఒక్కసారి లేచింది అప్పుడే.

ఆ శనివారం సుమిత్ర తన తప్పిపోయిన క్లాసుగా దాన్ని చెప్పింది. పిల్లలు బాగా నేర్చుకున్న క్లాసు తప్పిపోయిన క్లాసెట్లవుతుంది మేడం అని తెలుగు సార్ అడిగాడు.

"నాకు తప్పింది," అంది సుమిత్ర. "ఆ పిల్ల అడగంగనే కడుపుల మండింది. ఇంక గూడ మండుతున్నది. మండుతదని తెలిసే చెయ్యి ఎత్తిన. పోతదనుకున్న, పోలేదు."

గ్లోరీ కాగితం ముందుకు జరుపుకుంది.

"పిల్లకు ఏం జెప్పినవ్?"

"రేపొస్తది అని చెప్పిన."

"నువ్వు చెప్పేటప్పుడు పిల్లలేం జేసిన్రు?"

సుమిత్ర ఆలోచించింది. "వర్షిత మాత్రం కూసోలే. నన్నే చూసుకుంట నిలబడ్డది. ఏదో అడగవోయింది, గంట కొట్టిన్రు."

"ఏమడగవోయిందో తెలుసుకోవాలె," అంటూ గ్లోరీ రాసుకుంది. "ఇంకేమైంది? మొదట్నుంచి చెప్పు."

సుమిత్ర కుర్చీ కొంచెం దగ్గరికి లాక్కుని, క్లాసులో అడుగుపెట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది.